పూత లేకపోయినా మొక్క పేరు తేల్చుకోవడం ఎలా: తోటలోని పొదలు, తీగలు, పూల మొక్కలు

పేరు తెలియని మొక్క కనబడగానే అందరి చూపూ పువ్వు రంగు మీదికే పోతుంది. పొరపాట్లు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి. ఒక్క మందారమే ఎరుపు, తెలుపు, పసుపు, నారింజ, గులాబీ రంగుల్లో పూస్తుంది. తెల్లగా, ఘుమఘుమలాడుతూ పూసే మొక్కలేమో ఒకదానికొకటి చుట్టం కాని నాలుగైదు కుటుంబాల్లో ఉన్నాయి. రంగును నర్సరీవాళ్లు మార్చగలరు. ఆకు కొమ్మకు అతుక్కునే తీరును మాత్రం మార్చలేరు. కాబట్టి కణుపుతో మొదలుపెట్టండి. తర్వాత ఆకు, పాలు, వాసన, తీగ అయితే దాని పట్టు చూసి, పువ్వును చివరికి ఉంచుకోండి. ఈ వరుసలో వెళ్తే పూత లేని కాలంలో కూడా చాలా మొక్కల పేరు తేలుతుంది.

ముందు చేతిలో ఉండాల్సినవి

పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, కొత్త బ్లేడు, 15 సెంటీమీటర్ల స్కేలు, తెల్ల కాగితం, రబ్బరు తొడుగులు. ఇంతకంటే అక్కర్లేదు. పరిశీలన పొద్దున్నే పెట్టుకోండి. అప్పుడు కొమ్మలో నీరు నిండుగా ఉంటుంది, గిల్లితే పాలు కారేదీ కారనిదీ స్పష్టంగా తెలుస్తుంది. రాత్రి విచ్చిన పూలు కూడా అప్పటికి పూర్తిగా వాడిపోవు.

కొమ్మను ఎంచుకోవడంలో జాగ్రత్త పడాలి. మరీ లేత చివరలో ఆకులు ఒకదానిమీద ఒకటి ఇరుక్కుని ఉంటాయి, ఏది ఏ కణుపుదో తెలియదు. మొదట్లోంచి నిటారుగా దూసుకొచ్చిన బలమైన చువ్వల్లో ఆకులు మామూలు కంటే పెద్దవిగా, కొన్నిసార్లు వేరే ఆకారంలో వస్తాయి. నీడలో పెరిగిన ఆకు కూడా వెడల్పుగా, పలుచగా ఉంటుంది. ఎండ తగిలే వైపున, ముదురూ లేతా కాని 20 నుంచి 30 సెంటీమీటర్ల కొమ్మను తీసుకోండి. పువ్వో మొగ్గో కాయో ఉంటే వాటితో సహా కోయండి.

ఒక ఆకు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా

మొక్కల గుర్తింపులో అతి ముఖ్యమైన ప్రశ్న ఇదే. ఇక్కడ తప్పితే తర్వాత చూసేవన్నీ తప్పుతాయి. పచ్చని ప్రతి పలకా ఒక ఆకు కాదు. గులాబీలో ఒకే కాడ మీద 5 నుంచి 7 చిరు ఆకులు ఉంటాయి. అవన్నీ కలిసి ఒక ఆకు.

తేల్చుకునే మార్గం మొగ్గ. ఆకు కాడ కొమ్మకు కలిసే మూలలో చిన్న మొగ్గ ఉంటుంది. అందులోంచే కొత్త రెమ్మ పుడుతుంది. చిరు ఆకు మొదట్లో ఈ మొగ్గ ఉండదు. భూతద్దంతో కాడ వెంట కిందికి వస్తూ, మొగ్గ తగిలిన చోట ఆగండి. అక్కడి నుంచి చివరిదాకా ఉన్నదంతా ఒక ఆకు. మొగ్గ మరీ చిన్నదై కనబడకపోతే ఇంకో గుర్తు చూడండి. కొమ్మ చివర పెరిగే మొన ఉంటుంది, లేత ఆకులు వస్తూ ఉంటాయి. చిరు ఆకుల కాడ చివర అలాంటిదేమీ ఉండదు, ఒక చిరు ఆకుతోనో జతతోనో ముగిసిపోతుంది.

జాజి, టెకోమా, శంఖుపుష్పం, తంగేడు ఇలాంటి చిరు ఆకుల మొక్కలే. రత్నగంధిలో ఇది రెండంచెలు: కాడ మీద పిల్ల కాడలు, వాటి మీద చిరు ఆకులు. అక్కడ ఒక ఆకు జానెడు కంటే పొడవుంటుంది. చిరు ఆకుల జతలను చూసి ‘ఆకులు ఎదురెదురుగా ఉన్నాయి’ అని రాసుకోవడం కొత్తవాళ్లు తరచూ చేసే తప్పు. గులాబీ ఆ లెక్కన ఎదురాకుల మొక్క అయిపోతుంది. నిజానికి దాని ఆకులు కొమ్మ మీద ఒకటి విడిచి ఒకటిగా వస్తాయి.

కణుపుకు ఎన్ని ఆకులు

ఇప్పుడు వరుసగా నాలుగైదు కణుపులు చూడండి. ఒక్క కణుపు చూసి తీర్పు చెప్పకండి.

కణుపుకు ఒకే ఆకు, అటొకటి ఇటొకటిగా వచ్చేవి: మందారం, కాగితం పూలు, గులాబీ, క్రోటన్, పచ్చ గన్నేరు, నైట్ క్వీన్. కణుపుకు రెండు, ఎదురెదురుగా వచ్చేవి: మల్లె, జాజి, నందివర్ధనం, నూరువరహాలు, గోరింట, లాంటానా, డ్యురాంటా, పారిజాతం. మూడు లేదా అంతకంటే ఎక్కువ చుట్టూ వచ్చేవి తక్కువ, అందుకే ఆ గుర్తుకు విలువ ఎక్కువ. మామూలు గన్నేరులో సాధారణంగా మూడు, అల్లమండాలో మూడు నాలుగు, హామీలియాలో తరచూ మూడు.

మినహాయింపులు తెలిసి ఉండాలి. గన్నేరులో బలహీనమైన రెమ్మల మీద రెండేసి ఆకులే రావచ్చు. మల్లెలో అప్పుడప్పుడు మూడు కనబడతాయి. పొద్దుతిరుగుడులో కింది ఆకులు ఎదురెదురుగా, పైవి విడివిడిగా ఉంటాయి. దేవగన్నేరు ఆకులు కొమ్మ చివర గుత్తిగా చేరి చుట్టూ వచ్చినట్టే కనిపిస్తాయి. ఆకులు రాలిన మచ్చలను కొమ్మ మీద కిందికి వెతకండి. అవి మెలిక వరుసలో ఒక్కొక్కటిగా ఉంటాయి.

గిల్లండి, నలపండి, తడమండి

తొడుగులు వేసుకుని ఒక ఆకును కాడ దగ్గర తుంచండి. నందివర్ధనం, పచ్చ గన్నేరు, దేవగన్నేరు, అల్లమండా, పాయిన్‌సెట్టియా తెల్లని పాలు కారుస్తాయి. మల్లె, జాజి, గార్డీనియా, నూరువరహాలు, టెకోమా కార్చవు. మండుటెండలో, నీరు లేక వడలిన మొక్కలో పాలు సరిగా రావు. ‘పాలు లేవు’ అని రాసుకునే ముందు లేత రెమ్మ మీద ఇంకోసారి పరీక్షించండి.

ఈ పని చేసేటప్పుడు ఒక్క నియమాన్ని ఎప్పుడూ తప్పకండి: ఏ మొక్కనూ రుచి చూడకూడదు. మామూలు గన్నేరు, పచ్చ గన్నేరు రెండింటిలోనూ గుండె లయను దెబ్బతీసే విషాలున్నాయి, ప్రాణం తీస్తాయి. అడవినాభిలో కాల్చిసిన్ అనే విషం ఉంది, దుంపలో మరీ ఎక్కువ. గురివింద గింజ, ఉమ్మెత్త కూడా విషమే. పాయిన్‌సెట్టియా జాతివాటి పాలు కంట్లో పడితే తీవ్రంగా మండుతుంది. పని అయ్యాక బ్లేడునూ చేతులనూ సబ్బుతో కడగండి. గన్నేరు కొమ్మలను మంటలో వేయకండి, ఆ పొగ కూడా హానికరమే.

తర్వాత ఆకును నలిపి వాసన చూడండి. లాంటానాది ఘాటు. బంతిది ఒకసారి చూస్తే మరవలేనిది. నలిపితే వెల్లుల్లి వాసన కొట్టి, ఆకుకు రెండేసి చిరు ఆకులతో ఊదా పూలు పూసే తీగ ఉంటే అది వెల్లుల్లి తీగే. నిమ్మ కుటుంబపు ఆకులను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సూది మొనంత నూనె చుక్కలు మెరుస్తాయి. కామిని పొద ఇలాగే పట్టుబడుతుంది.

కొమ్మను రెండు వేళ్ల మధ్య దొర్లించండి. పారిజాతం, లాంటానా, తులసి, కోలియస్, రస్సీలియా కొమ్మలు నలుపలకలుగా తగులుతాయి. పారిజాతం ఆకు పైన ఉప్పుకాగితంలా గరగరలాడుతుంది. పూత లేకున్నా ఈ రెండు గుర్తులూ, ఎదురాకులూ చాలు దానికి.

ఎదురాకుల మొక్క అయితే ఇంకొక్కటి చూడాలి. రెండు కాడల మధ్య, కొమ్మ మీద చిన్న మొనతేలిన పొరలాంటిది ఉందా? ఉంటే దాదాపుగా కాఫీ కుటుంబం: నూరువరహాలు, గార్డీనియా, ముస్సెండా, పెంటాస్, హామీలియా. లేత కణుపుల మీద బాగా కనబడుతుంది, ముదిరాక ఎండి రాలిపోవచ్చు. భూతద్దం కొన్నందుకు అసలైన ఉపయోగం ఇక్కడే.

తీగ అయితే: దేనితో పట్టుకుంది?

ఇది తీగా పొదా అన్న ప్రశ్నకు మొక్క ఎత్తు సమాధానం చెప్పదు. కాగితం పూల మొక్కనూ అల్లమండానూ కత్తిరిస్తూ ఉంటే పొదల్లాగే నిలబడతాయి. కత్తెర తగలని చోట పొడవాటి, బరువుకు వంగిపోయే రెమ్మలున్నాయేమో చూడండి.

పట్టు చూస్తే తీగల సంగతి సగం తేలిపోతుంది. శంఖుపుష్పం, కాశీరత్నం, థన్‌బర్జియా, హనీసకిల్ కాండంతోనే ఆధారాన్ని చుట్టుకుంటాయి. మనీప్లాంటుకు కణుపుల్లోంచి వేళ్లు వస్తాయి. కాగితం పూలకు ఆకు మూలలో ముల్లు ఉంటుంది. రాధామనోహరంలో ఆకు రాలాక కాడ మొదలు గట్టిపడి ముల్లులా మిగిలిపోతుంది. పాత కాండం మీద ఆ మొద్దు ముళ్లు కనిపిస్తే పేరు దాదాపు ఖాయం.

నులితీగలు, అంటే ఆధారాన్ని పట్టుకునే మెలికల దారాలు, ఉంటే అవి ఎక్కడ పుట్టాయో చూడండి. కృష్ణకమలంలో ఆకు మూలలోంచి వస్తాయి, ఆకు కాడ మీద చిన్న గ్రంథులు కూడా ఉంటాయి. ద్రాక్ష కుటుంబంలో ఆకుకు సరిగ్గా ఎదురుగా, కణుపు అవతలి వైపున పుడతాయి. అంటిగోనన్‌లో పూగుత్తి చివరే నులితీగగా మారుతుంది, ఆకు హృదయాకారం, పూలు గులాబీ రంగు. నారింజ రంగు గొట్టాల్లాంటి పూలు పూసే పైరోస్టీజియాలో మూడో చిరు ఆకు ఉండాల్సిన చోట మూడు పాయల నులితీగ ఉంటుంది. అడవినాభిలో ఆకు చివరే సాగి మెలి తిరుగుతుంది. ఆ గుర్తు కనబడితే తొడుగు లేకుండా ముట్టుకోకండి.

కాశీరత్నానికి ఇంత పరీక్ష అక్కర్లేదు. దారాల్లా చీలిన ఆకు, ఎర్రటి నక్షత్రం లాంటి పువ్వు, అంతే.

ఇప్పుడు పువ్వు, బ్లేడుతో

ముందు ఒంటిరెక్క పువ్వును వెతకండి. ముద్ద పూలలో పుప్పొడి మోసే కేసరాలు చాలావరకు రేకులుగా మారిపోయి ఉంటాయి, లెక్క తప్పుతుంది. ముద్ద పువ్వే దొరికితే రేకులను వదిలేసి, కింద పచ్చగా ఉండే రక్షక పత్రాలను లెక్కించండి.

పువ్వును కాగితం మీద పడుకోబెట్టి గొట్టాన్ని నిలువునా చీల్చండి. రేకులు విడివిడిగా ఊడుతున్నాయా, మొదట్లో కలిసి గొట్టం అయ్యాయా, లోపల కేసరాలు ఎన్ని, అవి విడిగా ఉన్నాయా కలిసి ఉన్నాయా అన్నవి రాసుకోండి. నూరువరహాలకు రేకులు నాలుగు. దానిలాగే గుత్తులుగా పూసే పెంటాస్‌కు ఐదు, ఆకు మీద నూగు ఉంటుంది. గోరింటకు రేకులు నాలుగు, కేసరాలు సాధారణంగా ఎనిమిది. మందారంలో కేసరాలన్నీ కలిసి ఒక గొట్టమై, కీలాన్ని (కాయ కట్టే అండాశయం మీది సన్నని కాడను) చుట్టి బయటికి పొడుచుకొస్తాయి, చివర ఐదు చిన్న గుండ్రాలుంటాయి. వేలాడే పువ్వులో రేకులు సన్నగా చీలికలై వెనక్కి మడిచి ఉంటే జుంకా మందారం. ఎర్రటి పువ్వు ఎన్నాళ్లయినా విచ్చుకోకుండా చుట్టుకునే ఉంటే మాల్వావిస్కస్. దానికి తెగులు పట్టిందని మందులు కొట్టేవాళ్లున్నారు. దాని స్వభావమే అది.

రంగుతో కనబడేదల్లా రేకు అని అనుకోకండి. కాగితం పూలలో రంగు ఉన్నది మూడు పుచ్ఛాలకు, అంటే పువ్వును ఆనుకుని వచ్చే ఆకులకు. ఒక్కోదాని నడి ఈనెకు అంటుకుని ఉన్న సన్నని గొట్టమే అసలు పువ్వు. పాయిన్‌సెట్టియాలోనూ ఎర్రటివి పూరేకులు కావు, ఆకులే. ముస్సెండాలో ఒక రక్షక పత్రం పెద్దదై తెల్లగానో రంగుగానో వేలాడుతుంది, కొన్ని సంకర రకాల్లో ఐదూ పెద్దవవుతాయి. అసలు పువ్వు మధ్యలో ఉన్న చిన్న పసుపు నక్షత్రం.

రంగు ఒక్క సందర్భంలో మాత్రం గట్టి సాక్ష్యం: అది మారుతున్నప్పుడు, ఏ వైపుకు మారుతోందో చూస్తే. రాధామనోహరం సాయంత్రం తెల్లగా విచ్చుకుని, గులాబీ రంగులోకి, ఆపైన ఎరుపులోకి తిరుగుతుంది. మూడు రంగులూ ఒకే గుత్తిలో ఉంటాయి. బ్రున్‌ఫెల్సియా దీనికి తలకిందులు, ఊదాతో మొదలై తెలుపుతో ముగుస్తుంది. హనీసకిల్ తెలుపు నుంచి పసుపుకు పోతుంది. హైబిస్కస్ మ్యుటాబిలిస్ అనే మందార జాతి పొద్దున తెల్లగా విచ్చి సాయంత్రానికి ఎర్రబడుతుంది. అందుకే వీలైతే ఒకే పువ్వును పొద్దున, సాయంత్రం, మర్నాడు ఫొటో తీయండి.

తెల్లని సువాసన పూలు: ఎక్కువమంది తడబడేది ఇక్కడే

పాలు కారితే మల్లె జాతి కాదు. ఎదురాకులు, పాలు, కొద్దిగా మెలి తిరిగిన ఐదు రేకులు ఉంటే నందివర్ధనం. పాలు లేకుండా, కాడల మధ్య పొర ఉండి, ముదిరే కొద్దీ పువ్వు మీగడ పసుపుకు తిరిగితే గార్డీనియా. ఆకులు ఒకటి విడిచి ఒకటి ఉండి, ఆకుపచ్చ తెలుపు కలిసిన సన్నని గొట్టాలు రాత్రిపూట విచ్చుకుంటే నైట్ క్వీన్. చిరు ఆకులు, నూనె చుక్కలు, విడివిడి రేకులు, పది కేసరాలు ఉంటే కామిని.

గొట్టం చీల్చితే రెండే కేసరాలు కనిపించాయా? అయితే మల్లె కుటుంబం. నందివర్ధనంలో, నైట్ క్వీన్‌లో ఐదు ఉంటాయి. ఈ ఒక్క లెక్క ఎన్నో వాదాలను తీరుస్తుంది. పారిజాతానికీ రెండే, కాకపోతే దాని గొట్టం నారింజ రంగులో ఉంటుంది, తెల్లవారేసరికి పూలు రాలిపోతాయి, కాయ బిళ్లలా చదునుగా ఉంటుంది.

మల్లె కుటుంబంలో ఏదన్నది తేల్చడానికి మళ్లీ ఆకుకే రావాలి. ఒకే పలకగా ఉన్న ఎదురాకులు, నున్నగా ఉంటే మల్లె. ఆకు, రెమ్మ, పువ్వు కింది సన్నని పత్రాలు అన్నీ నూగుతో ఉంటే కాగడా మల్లె. కాడ మీద తరచూ 7 నుంచి 9 చిరు ఆకులుండి, మొగ్గ వెనక గులాబీ ఛాయ ఉంటే జాజి. ఒక పెద్ద ఆకు కింద రెండు బుల్లి చెవుల్లాంటి చిరు ఆకులుంటే సన్నజాజి. ఆ చెవులు కొన్ని ఆకులకు ఉండవు, పది ఆకులైనా తిరగేయండి. ఈ పేర్లు ఒక్కోచోట ఒక్కోదానికి వాడతారు కాబట్టి శాస్త్రీయ నామం కూడా రాసి పెట్టుకోండి. మల్లె జాస్మినమ్ సంబాక్, కాగడా మల్లె జాస్మినమ్ మల్టీఫ్లోరమ్, జాజి జాస్మినమ్ గ్రాండిఫ్లోరమ్, సన్నజాజి జాస్మినమ్ ఆరిక్యులేటమ్.

పసుపు పచ్చని గంట పూలది ఇంత చిక్కు కాదు. రంపపు అంచుల చిరు ఆకులతో కూడిన ఆకులు కణుపుల దగ్గర ఎదురెదురుగా వస్తూ పాలు లేకపోతే టెకోమా. సన్నని ఆకులు విడివిడిగా, పాలు ధారగా ఉంటే పచ్చ గన్నేరు. చుట్టూ మూడు నాలుగు ఆకులు, పాలు, వంగిపోయే రెమ్మలు ఉంటే అల్లమండా. కాయ దొరికితే సందేహమే ఉండదు. టెకోమాది పొడవాటి సన్న కాయ, లోపల రెక్కల గింజలు. పచ్చ గన్నేరుది కండగల కాయ, పండితే నల్లబడుతుంది. అల్లమండాది ముళ్ల కాయ.

ఉమ్మెత్త, బ్రుగ్‌మాన్సియాలను వేరు చేయడానికి పువ్వు దిక్కు చాలు. ఉమ్మెత్త పువ్వు పైకి చూస్తుంది, కాయకు ముళ్లుంటాయి. బ్రుగ్‌మాన్సియా పువ్వు కిందికి వేలాడుతుంది, కాయ నున్నగా ఉంటుంది. రెండూ విషం.

అన్నీ సరిగ్గా చూసినా పేరు కుదరకపోతే

ఒకే మొక్క మీద రెండు రకాల ఆకులు, రెండు రకాల పూలు ఉంటే అంటు కట్టిన చోటు వెతకండి. గులాబీలో అంటు కింది నుంచి లేచిన చువ్వ అడుగు మొక్కది, కొన్న రకానిది కాదు. ఏడు చిరు ఆకులుంటే అడుగు చువ్వేనని చాలామంది అంటారు, ఆ లెక్కను నమ్మి కత్తిరించకండి. మంచి రకాలకూ ఏడు రావచ్చు. మట్టి తీసి, చువ్వ అంటు కింద పుట్టిందని కంటితో చూశాకే తీసేయండి.

కత్తిరించిన కంచెల్లో పూలు ఉండవు. లోపలి వైపు, నేల దగ్గర, కత్తెర అందని రెమ్మలుంటాయి. పువ్వూ కాయా అక్కడే దొరుకుతాయి.

ఫోనులో గుర్తించే యాప్‌లు వాడండి, కానీ ఒక్క పువ్వు ఫొటో ఇచ్చి అడగకండి. మొక్క మొత్తం, ఆకు పైవైపు, కిందివైపు, కణుపు దగ్గర నుంచి, పువ్వు ముందు నుంచి, పక్క నుంచి, స్కేలు పక్కన పెట్టి తీయండి. యాప్ చెప్పే జాతి తరచూ సరిపోతుంది, నర్సరీ రకం పేరును మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోకండి. అది చెప్పిన పేరుకు కణుపు, పాలు, కేసరాల లెక్క కుదరాలి. ఏ ఒక్కటి అడ్డం తిరిగినా పేరు తప్పని అనుకుని మళ్లీ చూడండి.

తేలిన పేరును తేదీతో, పూత కాలంతో రాసి పెట్టుకోండి. ఇంకా తేలనివాటికి ‘ఎదురాకులు, పాలు లేవు, పొర ఉంది’ అని ఉన్నంతవరకే రాయండి, కాయ పట్టాక మిగతాది పూర్తి చేయవచ్చు. పేరు బిళ్లను లోహపు తీగతో కట్టేటప్పుడు వేలు దూరేంత వదులుగా, పక్క రెమ్మకు కట్టండి. ప్రధాన కాండానికి బిగించి కడితే, అది లావయ్యే కొద్దీ తీగ బెరడులోకి కోసుకుపోయి పై భాగం ఎండిపోతుంది.